పన్నెండు వోల్టుల రాత్రి

ఆ బ్యాటరీ మాది కాదు.
తెల్లవారుజామున ఐదింటికి తులియారా వెళ్లే బస్సుది.
రెమానింద్రి దాన్ని ఇసకలో దించి, దుమ్ము తుడిచి,
"చీకట్లోనే వస్తా. ప్రాణంతో అప్పజెప్పు" అన్నాడు,
పసిపిల్లను పొరుగింట్లో వదిలే మనిషిలా.

కరెంటు స్తంభాలు బెతియుకి పెట్రోలు బంకు దాటి రాలేదు.
జనరేటరుకు అద్దె ఒక ఎద్దు అన్నారు;
ఎద్దులన్నీ అప్పటికే పోయినాయన లెక్కలో ఉన్నాయి.
నా కొట్టు మీది సోలార్ పలక
పగలంతా ఎండ తాగి
సాయంత్రానికి ఒక్క ఫోనుకు సరిపడా కక్కుతుంది.

గిటారు అంటే ఏముంది,
విరిగిన పడవ చెక్క, సైకిలు బ్రేకు తీగ పోగులు,
కాలిపోయిన రేడియోలోంచి విప్పి
ఐదు వేల చుట్లు చుట్టిన రాగి వెంట్రుక.
నాలుగు వేల దగ్గర మేక వచ్చి లెక్క చెడగొట్టింది;
ఐదో వేయి నమ్మకం మీద చుట్టాను.
దాని కడుపులో సింథసైజర్.
తీగ మీటితే తీగలా పలకదు.
ఒకసారి శంఖం, ఒకసారి కందిరీగ,
ఒకసారి ఎవరో తలుపు తీస్తున్నట్టు.

ఆ పెట్టెతో ఒక పేచీ ఉంది.
దానికి పైకీ కరెంటు కావాలి, కిందికీ కావాలి,
నడుమ ఒక సున్నా కావాలి.
బస్సు బ్యాటరీకి సున్నా తెలీదు.
ఒక కొమ్ము ఎరుపు, ఒక కొమ్ము నలుపు, అంతే.
రెండు సమానమైన రెసిస్టర్లను చెరోపక్క కూర్చోబెట్టి
ఎనిమిది కాళ్ల చిప్పుతో తీర్పు చెప్పించాను:
పైకి ఆరు, కిందికి ఆరు,
ఇదిగో, ఇక్కడ నేల.
నేను చేసిన వాటిలో నాకు నచ్చింది అదొక్కటే,
ఏమీ లేనిచోటును
వేలు పెట్టి చూపగలిగేలా టంకం వేయడం.

రెగ్యులేటర్ పెట్టలేదు.
పెడితే కాపలా కూలి కింద రెండు వోల్టులు అదే తినేస్తుంది.

మూడో రాత్రి. ముసలి త్సివేరి శవపేటిక పక్కన
చింతకొమ్మకు కట్టిన బాకా స్పీకరు.
వులాసువా మీటింది.
దుమ్ము లేచింది. నడుములు లేచాయి.
నిద్రపోతున్న పిల్లలు ఆడుతూనే లేచారు.
మీటరు ముల్లు పన్నెండున్నర దగ్గర
కొత్త అల్లుడిలా కూర్చుంది.

రెండింటికి పదకొండు ఎనిమిది.
శ్రుతి జారింది, ఎవరికీ తెలియలేదు.
మూడింటికి పదకొండు రెండు.
రెండో గిటారు ఫిరింగా నుదురు చిట్లించి
తన తీగలు వదులు చేసుకున్నాడు.
పాడే ఆడవాళ్లు ఒక మెట్టు దిగారు.
నాలుగింటికి అందరూ మళ్లీ దిగారు,
ఒకరి చేయి ఒకరు పట్టుకుని దిగుడుబావిలోకి పోతున్నట్టు.
ఆపమని ఎవరూ అనలేదు.
అప్పుడు త్సివేరి భార్య,
మూడు రోజులుగా పెదవి విప్పని మనిషి,
చాప మీంచి కదలకుండానే
అక్కడ, అంత కింద, గొంతు కలిపింది.

రెగ్యులేటర్ పెట్టలేదని చెప్పాను కదా.

ఐదింటికి రెమానింద్రి తాళం తిప్పాడు.
టక్.
నా వంక చూశాడు. నేను నేల వంక చూశాను,
నేను టంకం వేసింది కాదు, ఇసక నేల.
ఏడ్చి, ఆడి, తాగి అలిసిన అరవై మంది
మాట లేకుండా వెళ్లి బస్సు వెనక భుజాలు ఆన్చారు.
నలభై అడుగులు. క్లచ్ వదిలాడు.
దగ్గింది, మళ్లీ దగ్గింది, అందుకుంది.

వులాసువా మెడలోంచి గిటారు ఇంకా తీయలేదు.
బాకా ఫిరింగా నెత్తి మీద.
తిరుగుతున్న ఇంజను పక్కన నిలబడి
బ్యాటరీకి మళ్లీ క్లిప్పులు తగిలించి
ఒక్క తీగ మీటి, ఆ స్వరాన్ని వదలకుండా పట్టుకుంది.
రెమానింద్రి తిడుతూనే యాక్సిలరేటర్ తొక్కాడు.
పదకొండు. పదకొండున్నర. పన్నెండు.
పదమూడు దాటి స్వరం పైపైకి పాకుతుంటే
బస్సులో కోళ్లు కూడా మెడలెత్తి విన్నాయి.

చింతచెట్టు కింద ముసలామె మాత్రం ఎక్కి రాలేదు.
తనకు దొరికిన మెట్టు మీదే ఉంది,
పాడుతూ.