లావ్ సారు డబ్బ

పేరు లావ్. మనిషి మాత్రం ఎండిన జొన్నసొప్ప.
లిఫ్టుల పని ఖతమై హాంకాంగ్ వోతూ వోతూ
బూట్ల డబ్బ నిండ సినిమాల సీడీలు
మా రూముల పెట్టిపోయిండు.
సల్మాబాద్‌ల శుక్కురారం.
ఎనిమిది మందిమి, నాలుగు రెండంతస్తుల మంచాలు,
ఒక టీవీ, దాని నెత్తిమీద ఆరేసిన లుంగీ.

మొదటి సినిమాకు అందరం భయపడ్డం.
"ఏందిర వీళ్ళు, ఇంతగనం కొట్లాడుతున్నరు?" అన్నడు పోశెట్టి.
కొట్లాట కాదట. పెండ్లిసూపులట.
కింద ఇంగ్లీషు అచ్చరాలు ఉరుకుతుంటయి,
వాటిని పట్టేది ఒక్క లింబాద్రే,
పదో తరగతి రెండుసార్లు రాసినోడు.
ఆయన చదివి, నమిలి, మాకు చెప్పేసరికి
తెరమీద ఇంకెవరో ఏడుస్తుంటరు.
అందుకే మా నవ్వు ఎప్పుడూ
ఏడుపు సీను మీద వడుతది.
పక్కరూము మలయాళీలు మమ్ముల పిచ్చోళ్ళనుకున్నరు.

కామెడీల మీద ఎవని మాట వానిదే.
దేవన్నకు కిరాయి అడగవచ్చే ముసలామె నచ్చింది:
"మన కఫీల్ కన్న నయం, తిట్టినంక చారు పోస్తది."
పోశెట్టికి హీరో నచ్చలే:
"దెబ్బలు తింటడు గని కొట్టడు. గీనెందుకు హీరో?
టికెట్ కొని సూస్తే పైసలు వాపసడుగుదును."
"నువ్వేం టికెట్ కొన్నవుర?"
"అందుకే ఊకున్న."

నాకైతే ఆ ఇండ్లు నచ్చినయి.
అన్నం తినాలంటే మంచం మడవాలె,
మంచం వాల్చాలంటే
అవ్వ లేచి గడప బయట నిలవడాలె.
సినిమాల ఇల్లంటే మెట్లు, మెట్లమీద పట్టుచీర,
ఇన్నేండ్లు గదే అనుకున్న.
మా రూమసోంటి రూము తెరమీద కనవడితే
ఎవరో చెప్పకుండ మా తలుపు తీసినట్టయింది.

ఒక్క మాట మాత్రం లింబాద్రి సాయం లేకుండనే వట్టినం:
సిక్ జో ఫాన్ మే?
దొంగ అడుగుతడు, పోలీసు అడుగుతడు,
అలిగిన పెండ్లాం ఫోనెత్తి ముందుగాల గదే అడుగుతది.
తిన్నవా?
సైటు మీద మాకు గదే సలాం అయింది.
పాకిస్తానీ ఫోర్మన్ సుత ఒకరోజు
"సిక్ జో ఫాన్ మే, పోశెట్టీ" అన్నడు.
పాపం, తెలుగనుకున్నడు.

డబ్బ అడుగున ఉన్న ఏడుపు సినిమ సంగతి వేరే.
అన్నదమ్ములు. సేవల దుకాణం. పదేండ్ల సంది మాటల్లేవు.
దవాఖాన్ల అన్న నోరు తెరిచి ఏదో అన్నడు, కన్ను మూసిండు.
లింబాద్రి శానాసేపు ఆగి చెప్పిండు:
"తప్పు నాది తమ్మీ. దుకాణం నువ్వే తీస్కో."
దేవన్న లేచి బయటికి వోయిండు.
గెట్టు పంచాదిల తమ్ముణ్ణి ఇడిసిపెట్టినోడు
ఆ రాత్రి ఫోన్ల కార్డంత ఖర్సు చేసిండు.

తర్వాత రాజోలు పోరడు వచ్చిండు, వీరభాస్కర్,
డిప్లొమా చదివినోడు. అదే సినిమ పెట్టినం.
"తప్పు నాదని అనలేదండి అతను.
గ్యాసు కట్టేశావా అని అడిగాడండి, అంతే."
రూములంత ఫ్యాను చప్పుడు.
లింబాద్రి టీవీ మీది లుంగీ తీసి మడతవెడుతున్నడు,
మడత ఇప్పుతున్నడు, మళ్ళ పెడుతున్నడు.
దేవన్న అన్నడు:
"అయితే ఆ సినిమోళ్ళు తప్పు రాసిన్రు."

మరుసటి శుక్కురారం పోరడే చదివిండు,
గడగడ, ఒక్క తప్పు లేకుండ.
నవ్వాల్సిన కాడనే నవ్వినం.
"మంచిగనే ఉంది గని," అన్నడు పోశెట్టి, "ఉప్పు లేదు.
లింబాద్రన్నా, నువ్వు ముందటికి రా."

నాకు మాత్రం ఆ గ్యాసు మాట పోతలేదు.
నిన్న రాత్రి ఇంటికి ఫోన్ చేసిన.
జీతం సంగతైంది, బర్రె సంగతైంది,
ఇగ ఏమనాల్నో తోచక
"గ్యాసు బంద్ చేసినవా?" అన్న.
ఆమె ఏం మాట్లాడలే.
ఫోను పెట్టకుండనే లేచి
వంటింట్లకు నడిచిన చప్పుడు
ఇనవడ్డది.