పదకొండో భాగం

ఒకటే ప్రతి వచ్చింది మా బడికి.
తొమ్మిదో తరగతిలో నలభై ఒక్క మంది.

అల్లూరు బజార్లో చెప్పులు కుట్టే ఆయన్ని
సన్న కత్తి అడిగి తెచ్చి
స్టాఫ్ రూములో అట్ట ఊడదీశాను.
చేప పొలుసు గీకినట్టు ఎండిన జిగురు గీకి
కుట్టు దారం తెంపాను.
హెడ్‌మాస్టరు తొంగిచూసి
"స్టాకు రిజిస్టర్లో ఏమని రాద్దామమ్మా?" అన్నారు.
"పంచామని రాయండి సార్."

పదకొండు భాగాలు, పదకొండు బల్లలు.
మీకు వచ్చింది మీరు చదవండి.
మిగతా కథ కావాలంటే
పక్క బల్లను అడగాల్సిందే.

కథలో పిల్ల ఎక్కడో కొండ మీదిది.
మా వాళ్ళు కొండను చూసింది తిరపతి పోయినప్పుడే.
ఆ పిల్ల మాట వేరు, తినేది వేరు.
హాస్టల్లో గడియారం పోయిన రాత్రి
అందరి కళ్ళూ ఒక్కసారే
ఆ పిల్ల రేకుపెట్టె మీదికి పోతాయి.
అది నాలుగో భాగం. సుప్రజ బల్లకు వచ్చింది.

చదువుతా చదువుతా సుప్రజ ఆగింది.
నా చేతిలో సుద్దముక్క కూడా.

శ్రావణంలో సుప్రజ జామెట్రీ బాక్సు పోయింది.
ఎవరూ పేరు చెప్పలేదు. చెప్పే పని లేదు.
రొయ్యల గుంట కాపలా యానాదుల పిల్లోడు, పోలేరయ్య,
తనంతట తానే లేచి
సంచి నేల మీద బోర్లించాడు:
రెండు నోటుపుస్తకాలు, తెగిన వలముక్క,
కాయితంలో చుట్టిన రొయ్యపొట్టు.
నేను వద్దనలేదు.
ఆదివారం ఆ బాక్సు వాళ్ళ ఆటో సీటు కింద దొరికింది.
సోమవారం క్లాసులో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.
నేనూ ఎత్తలేదు.

మూడు రోజులకు పది బల్లలూ కథ కలుపుకున్నాయి.
చివరి భాగం చివరి బల్లది.
ఆ బల్ల మీద వాడొక్కడే.

ఇంటి బెల్లు కొట్టినా కదల్లేదు ఎవరూ.
మొదట మస్తాన్‌బీ అడిగింది, తర్వాత ఇద్దరు మగపిల్లలు,
ఆఖర్న సుప్రజ, బల్ల అంచు గోకుతా:
"ఆ పిల్ల ఏమైంది పోలేరయ్యా?"
హాజరుకు తప్ప వాడి పేరు
ఆ గదిలో నేను వినడం అదే మొదలు.

కూడబలుక్కుని చదివే పిల్లోడు
కాయితాలు బోర్లించి పెట్టి చెప్పాడు.
గడియారం దొరికిందంట.
ఎవురూ ఏం అనలేదంట.
ఆ పిల్ల రేత్రి గట్టు మీద కూచుని
టార్చిలైటు నీళ్ళలో కొట్టి చూస్తా
"నాకు లెక్కలొచ్చు, అడిగేవోళ్ళే లేరు"
అనుకునిందంట.

పుస్తకంలో గట్టు లేదు. టార్చిలైటూ లేదు.
నాకు తెలుసు, దారం తెంపింది నేనే.
సుద్దముక్క డబ్బాలో పెట్టేసి
ఊరికే నిలబడ్డాను.

"ఏం లెక్కలు?" అంది సుప్రజ.

వాడు రొంతసేపు ఆలోచించాడు.
"అన్నీ రావులే" అన్నాడు,
"భిన్నాలు."