సుమారు

కోఠిలో బస్సు దిగేసరికి పదకొండు.
జాకెట్లో రుమాలు, రుమాల్లో
పద్దెనిమిది వేల ఆరొందల నలభై.
ఆ నలభై మళ్ళీ రూపాయి బిళ్ళలే.
సంఘం పొదుపు కొంత,
మేకపోతు అమ్మిన కిష్టవ్వ ఇచ్చింది కొంత.
మిగిలింది ఎక్కడిదని అడగొద్దు,
నా చెవులు చూసి ఊరుకోండి.

సర్జికల్ దుకాణాల సందంతా స్టీలు ట్రేలు.
పెళ్ళి సామాననుకుందేమో
ఒక ముసలామె కిడ్నీ ట్రే పట్టుకుని
"ఇందుల పప్పు పడతదా" అంటోంది.

నా చీటీ ఆశా వర్కరు బాలనర్సవ్వ రాసింది.
అక్షరాలు ఆమెవి, తప్పులు మా ఇద్దరివి.
బీపీ మిషను. నెబ్యులైజరు.
పసిపిల్లల తూకం.
పర్దా గుడ్డ, నాలుగు మీటర్లు.

చివరిది చదివి ఖుస్రో భాయ్ నవ్వాడు:
"పర్దా ఇక్కడ దొరకదమ్మా, బేగంబజార్ పో."
మాకున్నది ఒక్క గది భాయ్, కిటికీకి రెక్క లేదు.
కడుపుతో ఉన్నామె చీర సవరించుకుని పడుకుందంటే
బడి పిల్లల బంతి సరిగ్గా అప్పుడే
మా కిటికీ కిందికి దొర్లుతుంది.
పర్దా కూడా మందే.

అతను నవ్వు ఆపి, స్టూలు జరిపి,
"తూకం మిషను సుమారు ఎంతలో చూపమంటారు?" అన్నాడు.

సుమారు.
ఇరవై రెండేళ్ళ రిజిస్టర్లలో
నేను ఎక్కువసార్లు రాసిన మాట అదే.
జ్వరం అరచేతి వెనక సుమారు.
రక్తం కనురెప్ప లోపల సుమారు.
మా తూకం స్ప్రింగు సాగి మూలపడ్డాక
తండా జమ్ని బిడ్డను, పుట్టి మూడు గంటలు,
చంద్రమౌళి సేటు కిరాణా తక్కెడలో పెట్టాను.
పళ్ళానికి మిరపకాయల ఘాటు.
బిడ్డ తుమ్మింది, ముల్లు ఊగింది,
ఊగుతుండగానే చదివాను:
సుమారు రెండు కిలోలు.
ఇంటికి తీసుకుపొమ్మన్నాను.

నాలుగో రోజు నీలోఫర్‌లో ఆ బిడ్డ
కిలో మూడొందలు.
డాక్టరమ్మ నా రాత చూసింది,
నన్ను చూసింది.
ఒక్క మాట అనలేదు.
అనుంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని.

అందుకే భాయ్, ఆ మాట అనకు.

పక్క ఇరానీ హోటల్ నుంచి
కుర్రాడు అరకిలో చక్కెర తెచ్చాడు.
మొదటి మిషను మీద ఐదొందలు, ఐదొందలు,
మూడోసారి ఐదొందల ముప్పై.
తీసెయ్యి.
రెండోదాని మీద మూడుసార్లూ ఐదొందలే.
నాలుగోసారీ పెట్టించాను.
బిల్లు పుస్తకం మూసి కుర్రాడు
నావంక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

ధర ఒక్క రూపాయి తగ్గలేదు.
సెల్లులు మాత్రం ఊరికే ఇచ్చాడు.
బీపీ మిషను కూడా కట్టించాక, పర్దాకు పక్కన తీశాక
నెబ్యులైజరుకు చాలలేదు.
చీటీలో దాన్ని కొట్టెయ్యబోయి
పెన్ను ఆగింది.
కంకర మిషను కాడ పనిచేసే మొండి సాయిలు
రాత్రుళ్ళు మంచం పట్టె పట్టుకుని కూర్చుంటాడు,
పడుకుంటే ఊపిరాడదు.
కొట్టెయ్యలేదు. పక్కన "వచ్చే నెల" అని రాశాను.
సాయిలుకు ఏం చెప్పాలో రాసుకోలేదు.

బేగంబజార్లో గుడ్డ ఆకుపచ్చదే దొరికింది.
మూసీ వాసన దాటి ఇమ్లీబన్ చేరేసరికి
దీపాలు వెలిగాయి.
నాకు జీరో టికెట్టు.
డబ్బా మాత్రం కండక్టరు కంట్లో పడింది.
"ఏముందమ్మా అండ్ల?"
తూకం.
"లగేజీ కొట్టాల్నా వద్దా, ఎంత బరువుంటది?"

సు... అనబోయి
నాలుక కరుచుకున్నాను.
డబ్బా తిప్పి చూశాను.

"మూడు కిలోల రెండొందలు."

నవ్వి, వదిలేసి, వెనక సీట్లకు పోయాడు.
పైన చోటున్నా పెట్టలేదు.
ఊరొచ్చేదాకా
గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులూ అడ్డం పెట్టి
ఒళ్ళోనే ఉంచుకున్నాను.