నీలం సీసా

జీతాలు పడిన శుక్రవారం
ఓడల యార్డు సైరన్ కూసిన అరగంటకి
తాక్ బొక్‌హీ వస్తుంది మా స్కిన్ క్లినిక్‌కి.
గుమ్మంలో బూట్లు విప్పి
మేజోడు చిల్లుని రెండో కాలితో కప్పుకుంటుంది.

ఇరవై రెండేళ్ల వెల్డింగ్.
ముసుగు ఎంత దించినా
మెడ మీద నిప్పురవ్వ దూరిన మచ్చ ఒకటి,
కనుబొమల మధ్య రెండు నిలువు గీతలు,
వెలుగుని తిట్టుకుంటూ తనే గీసుకున్నవి.

ఫ్రిజ్‌లోంచి సీసా తీశాను.
"నీలంగా ఉందేం, సిరానా?"
రాగి అన్నాను. రాగిని పట్టుకున్న పెప్టైడ్.
పడుకున్నదల్లా లేచి కూర్చుని నవ్వింది.
"రాగి ఈ రంగుకొస్తే మేం చిలుమంటాం,
గీకి పారేస్తాం.
మీరు చుక్కల్లెక్కన అమ్ముతున్నారా!"

మళ్లీ పడుకున్నాక అడిగింది, అసలేమిటది అని.
ప్రొటీను ఓ పొడుగు దండ,
ఇవి అందులోంచి తెగిన మూడు నాలుగు పూసలు.
చర్మం అడుగున నేతగాళ్లుంటారు.
తెగిన పూసలు కంటబడితే
ఎక్కడో నేత చిరిగిందని మగ్గం ఎక్కుతారు.
ఆ పూసలే మేం చేసి పైన రాస్తాం.
కొన్నిటికి కొవ్వు తోక అతికిస్తాం,
గడప దాటుతాయని.

"అంటే దొంగ కబురు," అంది కళ్లు తెరవకుండానే.
"ఏదీ చిరక్కుండా చిరిగిందని."

నా వేళ్లు ఆగాయి.
గోడ మీది పోస్టర్లో ఈ మాట లేదు.

కాసేపటికి తనే:
"మా అతుకుని లాగి పరీక్ష చేస్తారు తెలుసా,
పక్కన ఉక్కు తెగుతుంది గానీ
అతుకు తెగదు.
చర్మమూ అంతేనా?"

కాదు.
మానిన చర్మం మొదటి చర్మమంత గట్టిది
ఎన్నటికీ కాదు. పరీక్షకి బట్టీ పట్టాను.
చెప్పలేదు.
అరచేతులు రుద్దుకుని వెచ్చబెట్టి
గీతల మీంచి పైకి, చెవుల వైపు
నీలాన్ని ఇంకించాను.

పన్నెండు వారాలకి రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టాం.
గీతలు వెంట్రుకవాసి తగ్గాయి.
ఏమో, ఆ రోజు కిటికీ వెలుగే మెత్తనేమో.
మా యజమానురాలు మాత్రం చప్పట్లు కొట్టింది.
బొక్‌హీ ఫోటోలకేసి చాలాసేపు చూసి
"మొదటి దాంట్లో నా చెవిపోగుంది,
ఎక్కడ పడిపోయిందో," అంది.

సీసా అడుగున ఒక చుక్క మిగిలింది.
మెడ మచ్చకి రాయబోయాను.
చెయ్యి పట్టుకుంది.
"దానికొద్దు.
అది ఓ ట్యాంకరు అడుగు అతికేటప్పుడు పడింది."

ఫోన్ తీసి చూపించింది.
సముద్రపు పటం మీద
గోరంత ఆకుపచ్చ బాణం.
రోజూ పడుకునే ముందు చూసుకుంటుందట, ఎక్కడుందో.
నిన్న రాత్రికి మొజాంబిక్ దాటింది.

పదకొండేళ్లయింది.
ఒక్క చుక్క నీళ్లు లోపలికి రాలేదట.