మంచు రీడింగు

నేను ఎలియేసర్‌ని. బొగోటాలో నీళ్ల మీటర్లు చదువుతాను.
పద్దెనిమిదేళ్లుగా
నా నడుముకి ఈ ఊళ్లో ప్రతి గుమ్మం ఎత్తూ తెలుసు.
ఎవరింట పురుడొచ్చిందో అంకెలే చెబుతాయి,
ఆ నెల గుడ్డలెక్కువ ఉతుకుతారు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి.
పది రోజులకోసారి పేటంతా నీళ్లు బంద్.
మెట్లవీధి చివరింట్లో దోన్యా ఎర్సీలియా
బిల్లుని కళ్లజోడుకి ఆనించి అడిగింది:
"పైపుకింత, పంపుకింత, మురుగుకింత.
నీళ్లు పుట్టించిన వాళ్లకెంత?
ఏ గడిలో రాశారు?"
తెలీదన్నాను.

మర్నెల కంపెనీ మమ్మల్ని బస్సెక్కించి
చింగాసా నేషనల్ పార్కుకి తీసుకుపోయింది.
శాండ్‌విచ్, టోపీ ఉచితం.
అక్కడ మీటర్లంటే ఎత్తు మాత్రమే,
మూడువేల అయిదువందలు.
గాలి చెవులు కొరుకుతుంది.
మంచులోంచి ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి ఫ్రైలెహోన్లు.
పెద్ద సన్యాసులని ఆ పేరుకి అర్థమట.
ఎండుటాకుల్ని రాల్చక ఒంటికే చుట్టుకుని,
నెత్తిన కుందేటి చెవుల్లాంటి మెత్తని ఆకులతో.

చెయ్యి చాచాను.
"ముట్టుకోకు," అంది రేంజరు ఉబాల్దీనా.
"ఏడాదికి ఒక్క సెంటీమీటరు.
నీ భుజందాకా ఉందే, అది మొలిచినప్పుడు
మీ ముత్తాతకింకా పాలపళ్లు."
వంగి చూడమంది.
వంగడం నా వృత్తే కదా, వంగాను.

ఆకు నూగు మీద మంచు ఒక చుక్కయింది.
చాలాసేపు చుక్కగానే ఉంది.
రోజుకి రెండువందల ఇళ్లు చూసేవాణ్ణి, నాకు తొందర.
దానికి లేదు.
ఎప్పుడో బరువెక్కి కాడలోకి జారింది.
కింద నాచు దాన్ని తీసుకుంది, చప్పుడన్నా లేదు.
అలవాటు కొద్దీ నేను
ఇత్తడి మూత కోసం, తిరిగే ముల్లు కోసం వెతికాను.

ఉబాల్దీనా తండ్రి ఇక్కడే బంగాళదుంపలు వేసేవాడట,
నిప్పుపెట్టి, ఎద్దుల్ని తోలి.
"ఆయన దున్నిన చాళ్లలో ఇప్పటికీ నీరు నిలవదు.
పార్కొచ్చి పొలం పోయింది. చాన్నాళ్లు ఏడ్చాం.
ఇప్పుడా పొలానికే నేను కాపలా.
మా అక్క మీ ఊళ్లోనే, హోటల్లో గిన్నెలు తోముతుంది.
రోజూ నీ చేతుల మీంచి పారేది ఈ మంచేనే అని
ఫోన్లో చెప్తే,
వేళ్లు కొంకర్లు పోతున్నాయి,
కాస్త కాచి పంపించమంటుంది."

మళ్లీ ఎర్సీలియా గుమ్మం. నీళ్లొచ్చే రోజు.
కుళాయి ముందు దగ్గింది, తర్వాత ఎర్రగా ఉమ్మింది.
ఆ ఎర్రనీళ్లు కూడా గిన్నెలో పట్టి
జెరేనియం కుండీలో పోసిందావిడ.
"ఏ గడో కనుక్కున్నావా?"

బిల్లు వెనక్కి తిప్పి పెన్సిలుతో బొమ్మ గీశాను.
నాకు బొమ్మలు రావు.
"ఏమిటిది, గుడ్లగూబా?"
కాదన్నాను.
చెప్పబోతే పక్కింటి కుక్క మొరిగింది,
ఇంకా నూట నలభై ఇళ్లున్నాయి.

తర్వాతి నెల వెళ్లేసరికి
గుడ్లగూబ వంటింటి కుళాయి పైన గోడకి అతికి ఉంది,
ఆవిరికి ఒక మూల లేచి.