తరుగు

చిత్తూరు బెల్లం మండీలో
రాత్రి పదకొండు దాటినా లారీ రాకపోతే
మావాళ్లు ప్రపంచ ఛాంపియన్లను దింపుతారు.

గోనెపట్టా మీద ముందుగా దిగేది అలీ.
దింపేది మొగిలప్ప.
"మూడున్నరేండ్లు గ్లౌజు తొడగనీకుండా కూర్చోబెట్టినారు గదప్పా,
ఆ మూడున్నరేండ్లు ఎవురి ఖాతాలో రాస్తావు?"
అని నా వైపు చూస్తాడు
నేనేదో దాచుకున్నట్టు.

నేను కాటా గుమాస్తాను.
బరువు రాస్తాను, తరుగు కొడతాను.
అంతకుమించి నాకు బాక్సింగు తెలియదు.

ఖాసింపీరా ఫోను గోడకు ఆనించి పెడతాడు.
ఇరవయ్యేండ్ల టైసన్.
అరచేతంత తెరలో ఎదుటి మనిషి కూలతాడు,
లేస్తాడు, కాళ్లు మాట వినవు,
మళ్లీ కూలతాడు.
"చూసినావా? వీడి ముందర మీ పాతకాలపోళ్లు
టీ చల్లారేదాకా నిలబడతారా?"

మార్సియానో అని ఒకడున్నాడంట.
నలభై తొమ్మిది ఆటలు, నలభై తొమ్మిదీ గెలుపే.
"బరువెంత?" అన్నాను, అలవాటు కొద్దీ.
ఎనభై అయిదు కేజీలు, అంతే.
ఇప్పటోళ్లు నూట పదిహేను, నూట ఇరవై.
మధ్యలో ఒక బెల్లం బుట్ట తేడా.

దేశింగు మాత్రం
ఆరిపోయిన బీడీనే పీలుస్తా గమ్మునుంటాడు.
వయసులో మద్రాసు రాయపురంలో
బాక్సర్ల మూలన బకెట్టు మోసినోడు,
స్పాంజి పిండినోడు.
ఎడమ చెవి నలిగింది అక్కడే.
ఎట్లా అంటే ఒక్కోసారి ఒక్కో కథ.

నోరు తెరిస్తే జో లూయిస్.
ఇరవై అయిదు సార్లు టైటిలు నిలబెట్టుకున్నాడంట,
కడాకు ట్యాక్సు బాకీ తీర్చలేక
ఒళ్లు సహకరించకున్నా రింగెక్కినాడంట.
ఆ మాటకు మండీలో ఎవరూ ఎదురు చెప్పరు.
బాకీ కోసం బరువెత్తడం
ఇక్కడ ఎవరికీ విడమరచక్కర్లేదు.

బెల్లం వచ్చిన రోజు ఒక బరువు.
ఎండాకాలం నెల ఆగితే తేమ పోయి ఇంకొకటి.
అదే ముసురులో గోడౌన్‌లో పడుంటే
గాలిలో తడి తాగి, చెమర్చి, బంకసాగి
కాటా మీద ఎక్కువే తూగుతుంది.
ఆ ఎక్కువకు షావుకారు డబ్బివ్వడు.
ఏ ఛాంపియను ఎండిపోయినాడో
ఏ ఛాంపియను మన నోళ్ల తడికి ఉబ్బినాడో
ఎవరికెంత తరుగు కొట్టాలో
నా పుస్తకంలో లేదు.

ఆ మాటే అన్నాను.
"నువ్వు గమ్మునుండు సామీ" అన్నారు ముగ్గురూ.
ఆ రాత్రి వాళ్లు ఒక్కటైన మాట అదొక్కటే.

"సరే, నువ్వే చెప్పు," ఖాసింపీరా దేశింగు మీదికి వంగినాడు,
"అందరిలోకీ ఎవురు?"

దేశింగు లేచి వాడి పిడికిళ్లు పట్టుకుని
గడ్డం దగ్గరికి ఎత్తిపెట్టినాడు.
మోచేతులు లోపలికి తట్టినాడు.
తన చెప్పుకాలితో వాడి ఎడమకాలిని
జానెడు ముందుకు జరిపినాడు, మెల్లగా,
నిద్రపోయే బిడ్డను జరిపినట్టు.
"ఇప్పుడు ఎదురుగా చూడు. ఎవురుండారు?"
వాడు నవ్వబోయి ఆగినాడు.
"ఎవురుంటే వాడే."

"ఇది జవాబు కాదు, తప్పించుకోవడం,"
అన్నాడు మొగిలప్ప, ఉమ్మేసి.
నిజమే అనిపించింది నాకూ.

హారను.
లారీ వేలూరు రోడ్డు నుంచి తిరిగింది.
తలగుడ్డలు బిగిసినాయి.
కాటా సున్నాకు తెచ్చి పెన్సిలు చెవి మీంచి తీసినాను.
మొదటి బుట్ట దేశింగుదే.
ముప్పై ఆరున్నర.

చెక్కపలక మీద ఎదురొస్తా
ఖాసింపీరా చీకట్లో అరిచినాడు:
"మరి ఫోర్‌మన్ సంగతేంది?
నలభై అయిదో ఏట మళ్లీ గెలవలా?"

బుట్ట కిందనుంచి, ముఖం కనబడకుండా:
"నాకు అరవై రెండు.
దోవ ఇడ్సి మాట్లాడు."