మేకలు దొడ్డికొచ్చాయా

ఆసుపత్రి గేటుకి అడ్డంగా తాడు కట్టారు.
తాడుకి అవతల నుంచి నర్సు మామొహాపి
ఒక నోటుబుక్కు నా వైపు విసిరింది.
పదకొండు పేర్లు. పద్నాలుగుకీ పంతొమ్మిదికీ మధ్య వయసులు.
"వీళ్ళని జారిపోనివ్వకు" అంది, మాస్కులోంచి,
పొయ్యి మీద పాలు చూస్తుండమన్నంత మామూలుగా.

నాకూ ఇరవై రెండే.
ఆ పుస్తకంలో పన్నెండో పేరు రాస్తే అది నాదే.

మొఖొత్లాంగ్ కొండల మీద జూన్ అంటే మంచు.
ఆ ఏడాది మంచుతో పాటు తాళాలూ కురిశాయి:
సరిహద్దుకి, బడికి, టాక్సీ స్టాండుకి.
పులానే మందుసీసా హాస్టల్ పెట్టెలో ఉండిపోయింది,
పెట్టె తాళంచెవి మాత్రం ఆమె మెడలో.
లిపూ ఒకే గదిలో ఏడుగురితో ఉంది,
ఏడుగురిలో ఒక్కరికీ తెలియదు.
దొడ్డికెళ్ళే వంకతో బయటికొచ్చి
నీళ్ళు లేకుండా బిళ్ళ మింగుతుంది.
సీసాలో దూది కుక్కుకో అని నేనే నేర్పాను.
గలగలమంటే ఇల్లంతా వింటుంది మరి.

ఫోన్లో మందు అనే మాట అనకూడదు.
అందుకని రాత్రి ఎనిమిదింటికి అందరినీ ఒకటే అడుగుతాను:
"మేకలు దొడ్డికొచ్చాయా?"
వచ్చాయి అంటే వేసుకున్నట్టు.
లిపూ మేనమామ ఒకరోజు పక్కనుంచి విని
ఈ పిల్లకి మేకలెక్కడివే అని నవ్వాడట.

చిక్కల్లా మోలెఫితో.
వాడికి నిజంగానే మేకలున్నాయి.
కొండమీది పశువుల మకాంలో, పేడపిడకల పొగలో,
దుప్పటి కప్పుకుని ముప్ఫై మూడు మేకలు కాస్తాడు.
సిగ్నల్ కోసం ఒక బండ ఎక్కాలి,
ఎక్కి, ఒంటికాలి మీద నిలబడినట్టు ఊగుతూ మాట్లాడతాడు.
"సగమే వచ్చాయి ఔసీ" అన్నాడు ఓ రాత్రి.
"తక్కినవి నక్క తిన్నదా?"
"నక్క కాదు. నేనే ఆపాను."
గాలి. నా ఐదు మలోటీల రీఛార్జి గాలిలో కరుగుతోంది.
ఏ మేకలు రా, అని అరిచాను,
కాళ్ళున్నవా, తెల్లవా?

తెల్లవే.
దారులు ఎప్పుడు తెరుస్తారో తెలియక
బిళ్ళని చాకుతో రెండు చేసి
రోజుకో ముక్క వేసుకుంటున్నాడు.
కరువులో పిండి కొలిచే అమ్మమ్మ పొదుపు అది.
తిట్టలేకపోయాను.
సగం దెబ్బ తిన్న పాము పగబడుతుందిరా,
ఇదీ అంతే అని మాత్రం చెప్పాను.
నాలుగోనాడు ఉన్ని వ్యాపారి గుర్రం మీద
మొక్కజొన్నపిండి సంచీ అడుగున
తొంభై బిళ్ళలు కొండెక్కాయి.
గుర్రానికి పాస్ అడిగేవాళ్ళు లేరు.

అందరూ దొరికారని చెప్పను.
ఏడో పేరు సెఖొబె.
వాడి నంబరు కొడితే ఇప్పటికీ
ఒకావిడ మర్యాదగా, అందుబాటులో లేరంటుంది.
ఆ పేరు పక్కన టిక్కూ పెట్టలేదు, కొట్టేయనూ లేదు.
పెన్సిలు అక్కడికొచ్చేసరికి చెయ్యి ఊరకే ఆగుతుంది.

ఆగస్టులో ఒక రాత్రి మోలెఫే ఫోన్ చేశాడు.
వాడి డబ్బుతో. మొదటిసారి.
"అన్నీ వచ్చాయి ఔసీ, రెండు రకాలవీ."
మంచిది, పడుకో అన్నాను.
వాడు పెట్టలేదు.
"మరి మీవి?"

నాకు మేకలెక్కడివిరా, అనబోయి
నోరు తెరిచినదాన్ని తెరిచినట్టే ఉండిపోయాను.
నిన్న రాత్రి లిపూ ఏడుపు. మొన్న ఏమిటో గుర్తు లేదు.
పదకొండు దొడ్లు లెక్కపెట్టి
నా దొడ్డి తలుపు వేయడం మరిచాను.

పరుపు కింద నుంచి సీసా తీశాను.
దూది పీకి పారేశాను.
ఫోను దగ్గర పెట్టి గట్టిగా ఊపాను,
గోడ అవతల ఎవరు వింటే విననీ.

బండ మీద వాడేమీ అనలేదు.
నేను మింగేదాకా ఆగాడు.
వాడి వెనక చీకట్లో
కాళ్ళున్న మేక ఒకటి అరిచింది.